ముందు చక్రం దగ్గర టక్కుటక్కు: బాల్ జాయింటు మార్చే ముందు, మార్చేటప్పుడు

మీరు అడిగింది ఇదీ: స్విఫ్ట్ డీజిలు, 82,000 కిలోమీటర్లు తిరిగింది. రాజోలు నుంచి సఖినేటిపల్లి వైపు రోజూ కాలువ గట్టు రోడ్డు మీద ప్రయాణం. ఎడమ ముందు చక్రం దగ్గర చిన్నచిన్న గుంటలకు టక్కుటక్కుమంటోంది. షెడ్డులో చూపిస్తే రెండు లోయర్ ఆర్ములూ (చక్రాన్ని బాడీకి కలిపే కింది చేతులు), రెండు షాకబ్జర్లూ మార్చాలన్నారు. ఆర్మ్ చివరుండే బాల్ జాయింటు ఒక్కటీ మారిస్తే సరిపోదా, పోనీ గ్రీజు పెట్టించి ఈ వానాకాలం లాగించొచ్చా అన్నది మీ సందేహం.

గ్రీజు సంగతి ముందే చెప్పేస్తాను, కుదరదండి. మీ బండి బాల్ జాయింటుకు గ్రీజు నిపుల్ (బయటి నుంచి గ్రీజు ఎక్కించే ముక్కు) ఉండదు. ఫ్యాక్టరీలో ఒకసారి గ్రీజు నింపి, పైన రబ్బరు బూటు (తొడుగు) వేసి, రింగుతో బిగించి పంపేస్తారు. కొన్ని షెడ్లలో ఇంజెక్షను సూదితో బూటులోకి గ్రీజు ఎక్కిస్తుంటారు. ఆ సూది చేసిన రంధ్రంలోంచే తర్వాత నీళ్లు దిగుతాయి. శబ్దం కొద్ది రోజులు తగ్గుతుంది, దాంతో పని అయిపోయిందనుకుని తిరుగుతారు. అసలు ప్రమాదం అక్కడే.

బాల్ జాయింటు లోపల ఉండేది పెద్దగా ఏమీ లేదు. ఒక ఉక్కు బంతి, దాని చుట్టూ గట్టి ప్లాస్టిక్ గిన్నె, మధ్యలో గ్రీజు. మన తుంటి కీలు తిరిగినట్టే అది అన్ని వైపులకూ తిరుగుతుంది. బూటు బాగున్నన్నాళ్లు ఆ బంతి అరగడం చాలా నెమ్మది, లక్ష కిలోమీటర్లు దాటినా ప్లే (లూజు) రానివి ఉంటాయి. బూటు చిరిగిన రోజు నుంచి మాత్రం లెక్క మారిపోతుంది. నీళ్లు, ఒండ్రు, ఇసుక లోపలికి చేరి గ్రీజు తెల్లగా పాలిపోతుంది, బంతి మీద తుప్పు మొదలవుతుంది. ఆ గరుకు మీద ప్లాస్టిక్ గిన్నె కొన్ని వారాల్లో అరిగిపోతుంది. అంటే మనం కాపాడుకోవాల్సింది, ఎప్పటికప్పుడు చూసుకోవాల్సింది బూటుని.

మన గోదావరి డెల్టాలో ఆ బూటుకి శత్రువులు ఎక్కువ. కోతల్లో, దమ్ముల్లో ట్రాక్టర్లు చేల నుంచి రోడ్డు మీదికి ఈడ్చుకొచ్చే బురద ఆర్మ్ పైన గూడు కట్టి, ఎండి, చక్రం తిప్పినప్పుడల్లా బూటు మడతను గీస్తూ ఉంటుంది. భీమవరం, నరసాపురం వైపు చెరువుల గట్ల మీద తిరిగే బళ్లకు ఉప్పునీళ్లు తగులుతాయి. అంతర్వేది వైపు సముద్రపు గాలి చాలు, బోల్టులు పట్టేయడానికి. జులై, ఆగస్టుల్లో వరద వస్తే కనకాయలంక కాజ్‌వే లాంటివి మునుగుతాయి, నీళ్లు కాస్త తగ్గీ తగ్గగానే అందరం బండి దింపేస్తాం. వీటన్నిటికీ మించినది మాత్రం మనం డబ్బులిచ్చి చేయించుకునేదే. వాటర్ సర్వీసింగులో ప్రెషర్ గన్ను బూటు అంచుకి దగ్గరగా పెట్టి కొడితే నీళ్లు సీలు దాటి లోపలికి పోతాయి. ఆపైన 'తుప్పు పట్టకుండా' అని కిందంతా డీజిలో, పాత ఇంజిన్ ఆయిలో కొడతారు. రబ్బరు ఉబ్బి, మెత్తబడి, తర్వాత చీలుతుంది. బాల్ జాయింటు బూటే కాదు, ఆర్మ్ బుష్‌లు (ఆర్మును బాడీకి కలిపే చోటి రబ్బరు దిమ్మలు), యాక్సిల్ బూట్లు అన్నిటికీ అదే గతి. ఆ స్ప్రే వద్దని ముందే చెప్పండి.

ఇక మీ శబ్దం. టక్కుమన్న ప్రతిదీ బాల్ జాయింటు కాదు. ఈ తరహా కార్లలో చిన్న గుంటల మీద టక్కుమనేది చాలాసార్లు స్టెబిలైజర్ లింక్ రాడ్డు, అంటే బండి పక్కలకు ఒరగకుండా ఆపే కడ్డీకి తగిలించిన చిన్న రాడ్డు. దాన్ని పట్టుకోవడం తేలిక. ఒక్క చక్రమే గుంటలో పడినప్పుడు శబ్దం వచ్చి, రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు రాకపోతే అనుమానం లింక్ మీదే. ఖాయం చేసుకోవాలంటే రెండు వైపులా లింక్ రాడ్లు విప్పి తీసేసి, అదే రోడ్డు మీద 20 కిలోమీటర్ల వేగం దాటకుండా కొంచెం దూరం నడిపి చూడండి. బండి పక్కలకు ఎక్కువ ఒరుగుతుంది, అందుకే నెమ్మదిగా వెళ్లమంటున్నాను. శబ్దం పోతే లింకులు మార్చుకోండి, ఆర్ముల జోలికి పోనక్కర్లేదు. గుంట మీద వెళ్తూ బ్రేకు సన్నగా తొక్కితే శబ్దం ఆగిందా? అది బ్రేకు ప్యాడ్లదో, వాటిని పట్టి ఉంచే క్యాలిపర్ పిన్నులదో. బండి నిలబెట్టి స్టీరింగు తిప్పుతుంటే పైన, బానెట్ కింద, స్ప్రింగు గుటుక్కుమందా? స్ట్రట్ (షాకబ్జరూ స్ప్రింగూ కలిసి ఉండే స్తంభం) పైనుండే మౌంటు బేరింగు చూడండి. బ్రేకు వేసిన క్షణానా, వదిలిన క్షణానా ఒక్కొక్క దెబ్బ చొప్పున వినబడితే లోయర్ ఆర్మ్ వెనక బుష్.

బాల్ జాయింటు వేరేలా బయటపడుతుంది. తక్కువ వేగంలో, స్టీరింగు కొంచెం తిప్పి ఉన్నప్పుడు, ఎగుడుదిగుడు మీద లోతైన టక్కు. నరసాపురం రేవులో పంటు (బళ్లను గోదావరి దాటించే పడవ) పలకల మీదికి వాలుగా ఎక్కించేటప్పుడు ఇది స్పష్టంగా తెలుస్తుంది. ముదిరితే స్టీరింగు తిప్పినప్పుడు కిర్రుమంటుంది, నేరు రోడ్డు మీద బండి అటూ ఇటూ పోతుంటుంది, టైరు ఒక అంచు తినేస్తుంది. ఒక మాట గుర్తుంచుకోండి: బాగా ముదిరిన జాయింటు ఒక్కోసారి శబ్దం చేయదు. బురదా తుప్పూ కలిసి బిగుసుకుపోయి నిశ్శబ్దంగా ఉంటుంది. శబ్దం తగ్గింది కదా అని పరీక్ష మానకండి.

పరీక్ష ఇలా. బండి గట్టి నేల మీద పెట్టండి, ఒండ్రు నేలలో జాకీ దిగిపోతుంది. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు పక్క లేపి, జాకీ పాయింటు కింద స్టాండు పెట్టండి. ఒక్క జాకీ మీద నమ్మకంతో కిందికి దూరవద్దు. చక్రం గాల్లో వేలాడాలి. ఒకరు చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పట్టుకుని లోపలికీ బయటికీ కుదపాలి. ఇంకొకరు టార్చి వేసి నకిల్‌కూ (చక్రం కూర్చునే ఇనుప దిమ్మె) ఆర్మ్‌కూ మధ్య చూడాలి. అక్కడ కదలిక కనబడితే బాల్ జాయింటు పోయినట్టే. చక్రం కదులుతోంది గానీ అక్కడ ఏమీ కనబడట్లేదంటే బ్రేకు తొక్కించి మళ్లీ కుదపండి. బ్రేకు తొక్కగానే లూజు మాయమైతే వీల్ బేరింగు. చక్రాన్ని కుడి ఎడమలుగా పట్టుకుని కుదిపినప్పుడు ప్లే వస్తే టై రాడ్ ఎండ్, లేదా ర్యాక్ ఎండ్ (స్టీరింగు కడ్డీ కొసల్లోని జాయింట్లు). చివరగా ఆర్మ్‌కీ నకిల్‌కీ మధ్య ఒక పొడవాటి రాడ్డు దూర్చి పైకీ కిందికీ ఎత్తి చూడండి. బూటు మీద పడకుండా దూర్చాలి, బాగున్న బూటుని పరీక్షలో చింపేసిన షెడ్లు చాలానే ఉన్నాయి. కొన్ని కంపెనీలు కొంత ప్లే అనుమతిస్తాయి, ఆ అంకె మాన్యువల్లో ఉంటుంది. మీ కారు లాంటి సీలు జాయింటులో మాత్రం కంటికి కనబడే కదలిక ఉందంటే మార్చేయడమే.

ఇన్నోవా క్రిస్టా తరహాలో పైనా కిందా రెండు ఆర్ములుండి, స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చునే బళ్లకు ఈ పద్ధతి పనికిరాదు. ఛాసిస్ కింద జాకీ పెడితే స్ప్రింగు ఆర్మును కిందికి నొక్కి పెట్టి జాయింట్లను బిగదీస్తుంది, ఉన్న ప్లే కూడా కనబడదు. అక్కడ జాకీని కింది ఆర్మ్ కిందే, బాల్ జాయింటుకి వీలైనంత దగ్గరగా పెట్టి, టైరు కింద గునపం వేసి ఎత్తి చూడాలి.

ప్లే లేదు, బూటు మాత్రం చిరిగింది. అప్పుడేం చేయాలి? చీలిక కొత్తదై, లోపల గ్రీజు ఇంకా నల్లగా శుభ్రంగా ఉంటే, సరిగ్గా కొలతకు బూటు దొరికితే, అదొక్కటీ వేయించుకోవచ్చు. గ్రీజు తెల్లబడినా, వేళ్ల మధ్య నలిపితే ఇసుక తగిలినా ఆ ఖర్చు దండగ.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, జాయింటా, మొత్తం ఆర్మా? మారుతి ఈ బాల్ జాయింటుని ఆర్మ్ నుంచి విడదీయరానిదిగా చూస్తుంది, పాడైతే ఆర్మ్ మొత్తం మార్చమంటుంది. బజారులో విడి జాయింట్లు దొరుకుతాయి, పాతది ప్రెస్‌తో తీసి కొత్తది ఎక్కిస్తారు. నా ఓటు మొత్తం ఆర్మ్‌కే. 82,000 తిరిగిన బండికి ఆర్మ్ బుష్‌లూ ఎలాగూ చివరికొచ్చి ఉంటాయి. పైగా ఒకసారి పాతది తీసిన రంధ్రం సాగితే కొత్త జాయింటు పట్టు బిగువుగా ఉండదు. ఒక పక్కే మార్చాలా, రెండు పక్కలా అంటే, రెండో పక్క బూటు నిగనిగలాడుతూ, ప్లే లేకుండా, బుష్ చీలకుండా ఉంటే వదిలేయండి. జంటగానే మార్చాలన్న నియమం షాకబ్జర్లకు వర్తిస్తుంది గానీ దీనికి కాదు. అయితే బండి వరదలో మునిగిందైతే రెండూ మార్చేయండి, అక్కడ బేరం వద్దు. ఇక షాకబ్జర్లు. ఆయిలు కారుతూ కనబడిందా? బానెట్ మూల నొక్కి వదిలితే రెండుమూడు సార్లు ఊగుతోందా? లేదంటే ఈ శబ్దానికి వాటితో సంబంధం లేదు, అవి మార్చమన్న చీటీ చింపేయండి.

సామాను కొనేటప్పుడు ఛాసిస్ నంబరు ఇచ్చి అడగండి. ఒకే పేరున్న కారుకి సంవత్సరాన్ని బట్టి స్టడ్ (బంతి నుంచి బయటికొచ్చే కడ్డీ) మందం మారుతుంది. కంపెనీ సామాను, లేదా రానే లాంటి స్టీరింగు, సస్పెన్షన్ సామాను తయారీదారుది తీసుకోండి. పెట్టె విప్పి స్టడ్ పట్టుకుని తిప్పి చూడండి. కొత్త జాయింటు బిగుతుగా, ఒకే తీరున తిరగాలి. వదులుగా వాలిపోయినా, మధ్యలో తట్టుకుంటున్నట్టున్నా తీసుకోవద్దు. ఆర్మ్‌తో పాటు కొత్త పించ్ బోల్టు (స్టడ్‌ని నకిల్‌లో బిగించి పట్టేది), నైలాక్ నట్లు (లోపల నైలాను రింగు ఉండేవి) అడిగి తీసుకోండి. ఆ చిల్లర సామాను దగ్గర పిసినారితనం చేస్తే తర్వాత ఏడవాలి.

పని విషయానికొస్తే, ముందు రోజు రాత్రే పించ్ బోల్టుకీ, ఆర్మ్ బోల్టులకీ వైర్ బ్రష్ కొట్టి రస్ట్ స్ప్రే పోసి వదిలేయండి. మన ప్రాంతంలో సగం పని అదే చేస్తుంది. మర్నాడు చక్రం నట్లు నేల మీదే కొంచెం వదులు చేసి, బండి లేపి, స్టాండు పెట్టి, చక్రం తీయండి. స్టాండు పడినా బాడీ నేలకి కొట్టుకోకుండా ఆ చక్రాన్ని కారు తలుపు కింది బాడీ అంచు కింద పడుకోబెట్టండి. లింక్ రాడ్డు అడ్డమైతే ఒక పక్క విప్పండి. పించ్ బోల్టుని వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి లాగాలి. స్టడ్ మీద గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలోంచే పోతుంది. బోల్టు సగం ఉండగా ఆర్మును సుత్తితో కొట్టేవాళ్లు స్టడ్‌నీ, నకిల్‌నీ రెండింటినీ పాడుచేస్తారు.

బోల్టు వచ్చాక పొడవాటి గునపంతో ఆర్మును కిందికి అదమండి. రాకపోతే నకిల్ చీలికలో ఉలి పెట్టి వెంట్రుకవాసి మాత్రం తెరవండి. ఎక్కువ కొడితే పోత ఇనుప చెవి పగులుతుంది, అప్పుడు ఖర్చు నకిల్ దాకా పోతుంది. గ్యాసు మంట పెడదామంటే ఒప్పుకోవద్దు. పక్కనే వీల్ బేరింగు సీలు, యాక్సిల్ బూటు ఉంటాయి, వేడికి అవి పోయిన సంగతి నెల తర్వాత తెలుస్తుంది. బోల్టు తల తెగితే మధ్యలో పంచ్‌తో గుర్తు కొట్టి, చిన్న డ్రిల్లుతో మొదలుపెట్టి, విడతలుగా పెంచుకుంటూ తీయడమే. లేతు పని తెలిసిన మనిషికి ఇవ్వండి, తొందర మనిషికి వద్దు.

స్టడ్ ఊడగానే నకిల్ బయటికి ఊగుతుంది. దాన్ని తాడుతో స్ట్రట్ వైపు కట్టేయండి. లేకపోతే యాక్సిల్ లోపలి జాయింటు జారి, గేర్ ఆయిలు కారి, చిన్న పని పెద్దదవుతుంది. బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు లాగుడు పడకుండా చూడండి. తర్వాత ముందు, వెనక బుష్ బోల్టులు విప్పితే ఆర్మ్ చేతిలోకొస్తుంది. బోల్టులు ఏది ఏ వైపు నుంచి వచ్చిందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి, కొన్ని ఒక్క వైపు నుంచే పడతాయి.

కొత్తది బిగించేటప్పుడు నకిల్ రంధ్రం తుప్పు గీకి, పొడిగా తుడవండి. స్టడ్ పూర్తిగా లోపలికి దిగాక పించ్ బోల్టు చేత్తో నెడితే జారిపోవాలి. సుత్తితో కొట్టాల్సి వస్తోందంటే గాడి ఎదురుగా లేదని అర్థం, ఆపి సరిచేయండి. బోల్టు నున్నటి భాగానికి పలచగా కాపర్ గ్రీజు రాస్తే వచ్చేసారి పట్టేయదు. మరలకు మాత్రం రాయకండి, రాస్తే అదే టార్కుకి (బిగించే బలానికి) బోల్టు ఎక్కువ సాగుతుంది. ఈ సైజు కార్లలో పించ్ బోల్టు 50 నుంచి 60 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న అంకే ఆఖరు మాట. టార్క్ రెంచి లేని షెడ్డులో ఈ పని వద్దు.

ఎక్కువ మంది తప్పు చేసేది బుష్ బోల్టుల దగ్గర. చక్రం గాల్లో వేలాడుతుండగానే అడ్డంగా ఉండే బుష్ బోల్టుని చివరిదాకా బిగించేస్తారు. బుష్ రబ్బరు ఆ వేలాడే భంగిమలో అతుక్కుపోతుంది. బండి దింపగానే మెలి తిరిగి, ఆ మెలితోనే రోజంతా పనిచేసి, కొద్ది నెలల్లో చీలిపోతుంది. కొత్త ఆర్మ్ వేసినా ఆరు నెలలకే శబ్దం మళ్లీ వచ్చిందనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే, సామాను కాదు. బోల్టులు వేళ్ల బిగుతుతో ఉంచి, బండి బరువు చక్రాల మీదికి దింపి, బానెట్ నాలుగుసార్లు నొక్కి, అప్పుడు షెడ్డు గుంతలోంచో ర్యాంపు మీదనో టార్కుకి బిగించాలి. గుంత లేకపోతే బాల్ జాయింటు కింద జాకీ పెట్టి, నేల మీద ఉన్నప్పటి ఎత్తుకి ఆర్మును లేపి బిగించండి.

వేరే కార్లవాళ్లు చదువుతుంటే, టేపర్ స్టడ్ (కొసకి సన్నబడేది), కాజిల్ నట్టు (పిన్ను పట్టే గాళ్లున్నది) ఉన్నవాటిలో స్ప్లిట్ పిన్ను తీసి, నట్టు కొన్ని మరలు మిగిల్చి వదులు చేసి, పుల్లర్‌తో విడదీయాలి. నట్టు పూర్తిగా తీసేస్తే ఆర్మ్ ఒక్కసారిగా విసురుగా ఊడుతుంది. స్ప్రింగు ఆర్మ్ మీద ఉన్న బళ్లలో అది ప్రాణాల మీదికి తెస్తుంది, అక్కడ ఆర్మ్ కింద జాకీ మొదటి నుంచి చివరిదాకా ఉండాల్సిందే. టేపర్‌కి గ్రీజు రాయకూడదు. టార్కు పెట్టాక పిన్ను రంధ్రం ఎదురు రాకపోతే నట్టుని ముందుకే తిప్పాలి, వెనక్కి వదలకూడదు. సర్క్లిప్ (గాడిలో కూర్చునే రింగు) ఉన్న ప్రెస్ జాయింటు అయితే అంచు రింగు మీదే నొక్కాలి, అడుగు మూత మీద నొక్కితే కొత్తదీ ఆ క్షణమే పాడైనట్టు.

కొన్నిచోట్ల పాత జాయింటునే రిపేరు చేస్తామంటారు, అడుగు మూత కొట్టి బిగించడం, లోపల నైలాను పోసి మళ్లీ మూసేయడం, అంచుకి వెల్డింగు. ఏదీ వద్దు. బంతి గిన్నెలోంచి ఊడితే చక్రం పక్కకి మడత పడుతుంది, యాక్సిల్ లాక్కుపోతుంది, స్టీరింగు ఉన్నా లేనట్టే. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను, మధ్యలో పిట్టగోడ లేని గట్టు మీద ఆ పరిస్థితి ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

పని అయ్యాక వీల్ అలైన్‌మెంటు చూపించండి, ఆర్మ్ మారితే క్యాంబరూ (చక్రం నిలువు వాలు), టో (చక్రాలు ముందు వైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) రెండూ కదలొచ్చు. చక్రం నట్లు వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ టార్కు చూసుకోండి. ఆ తర్వాత ఏటా రెండుసార్లు బూట్లు తడిమి చూస్తే చాలు, తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక నవంబరులో ఒకసారి. మధ్యలో చక్రం సగం పైకి వరద నీళ్లలో దించితే, ఇంటికొచ్చాక మామూలు గొట్టంతో మంచినీళ్లు పోసి కడిగి, నెల తిరక్కుండా పైన చెప్పిన కుదుపు పరీక్ష చేయించండి. నీళ్లు దిగిన జాయింటు మొదటి రోజు ఏమీ చెప్పదు. నిపుల్ ఉన్న పాత బళ్లవాళ్లు ఆ రోజే గన్నుతో లిథియం గ్రీజు ఎక్కించాలి, నీళ్లూ పాత గ్రీజూ పోయి కొత్త గ్రీజు కనబడేదాకా. బూటు కొంచెం ఉబ్బగానే ఆపాలి, పగిలేదాకా కాదు.

మీ బండి వరకు, ముందు లింక్ రాడ్లు విప్పి చూడండి, తర్వాత చక్రం కుదిపి చూడండి. జాయింటులో కంటికి ప్లే కనబడితే అది మారేదాకా గట్టు రోడ్డు ఎక్కించకండి. షెడ్డు దూరమైతే మెకానిక్కునే ఇంటికి పిలిపించండి, ఆర్మ్ మార్చడం పెరట్లోనూ అయ్యే పనే, నేల గట్టిగా ఉండి టార్క్ రెంచి తెచ్చుకుంటే.